ఇల్లే వార్డు అయినప్పుడు



డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడు ఇంటివాళ్ళు అడిగే ప్రశ్నలు ఈ మధ్య సంవత్సరాలలో మారాయి. పూర్వం "మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలి?" అని అడిగేవారు. ఇప్పుడు "సిస్టర్, ఫోనులో చూపిస్తే సరిపోతుందా?" అని అడుగుతున్నారు. పట్నంలో బంధువులున్నవాళ్ళు "హైదరాబాదులో ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టి, నర్సును పెట్టి చూస్తున్నారట. మా నాయనకు అట్ల ఎందుకు చేయరు?" అని కూడా అడుగుతున్నారు. ఇవి అడగవలసిన ప్రశ్నలే. అయితే వార్డులో నిలబడి రెండు ముక్కల్లో చెప్పగల జవాబు కాదు. అందుకని ఈ సంచికలో కొంత వివరంగా వ్రాస్తున్నాను.

మన న్యాల్‌కల్ మండలం నుండి పెద్ద ఆసుపత్రికి పోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. జహీరాబాదుకో, బీదరుకో ఆటో కట్టించుకోవాలి. అక్కడ కాదంటే సంగారెడ్డి, అక్కడ కూడా కాదంటే వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని హైదరాబాదు. రోగితో పాటు ఇద్దరు పోవాలి. ఆ ఇద్దరి కూలి పోతుంది, హోటలు భోజనం మీద పడుతుంది, ఇంట్లో పశువులకు, పిల్లలకు దిక్కుండదు. కాబట్టి ఆసుపత్రిలో దొరికే వైద్యం ఇంట్లోనే దొరికితే మనకంటే ఎక్కువ మేలు పొందేవారు ఎవరుంటారు? కాని ఒక మాట ముందే చెబుతాను. ఇంటికి రావలసినది ఫోను ఒక్కటే కాదు. ఆ ఫోనుకు ఇటువైపు నేర్చుకున్న ఒక చెయ్యి, అటువైపు బాధ్యత తీసుకున్న ఒక మనిషి ఉండాలి. ఈ రెండూ లేకపోతే అది వైద్యం కాదు, ఊరట మాత్రమే.

ఈ పద్ధతి ఎలా మొదలైంది?

"ఇంటిలో ఆసుపత్రి" అనే ఆలోచనను అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 1990ల మధ్యలో ప్రయత్నించి చూశారు. వృద్ధులు ఆసుపత్రిలో చేరితే జబ్బు తగ్గుతుంది గాని, మంచం మీదే ఉండి కాళ్ళలో బలం పోవడం, రాత్రిపూట మతి తప్పినట్లు మాట్లాడడం, కొత్త ఇన్ఫెక్షన్ అంటుకోవడం వంటివి జరుగుతాయి. నర్సులమైన మేము ఇది ప్రతి వార్డులోను చూస్తాము. అందుకే ఎన్నిక చేసిన కొందరు రోగులను ఇంట్లోనే ఉంచి, డాక్టరు, నర్సు అక్కడికే వెళ్ళి చూసే పద్ధతి పెట్టారు.

తరువాత బోస్టన్ నగరంలో చేసిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. ఇన్ఫెక్షన్, గుండె బలహీనత, ఆయాసం వంటి జబ్బులతో ఆసుపత్రికి వచ్చిన 91 మందిని రెండు భాగాలు చేసి, కొందరిని వార్డులో, కొందరిని ఇంట్లో ఉంచి చూశారు. ఇంట్లో ఉన్నవారికి ఖర్చు 38 శాతం తగ్గింది. నెల లోపల మళ్ళీ ఆసుపత్రిలో చేరినవారు వార్డు రోగులలో 23 శాతం ఉంటే, ఇంటి రోగులలో 7 శాతమే. ఇంట్లో ఉన్నవారు ఎక్కువసేపు లేచి తిరిగారు కూడా.

ఇది విని "చూశారా, ఇల్లే మేలు" అనుకోకండి. ఆ ఇంటికి డాక్టరు రోజూ వచ్చారు, నర్సు రోజుకు రెండుసార్లు వచ్చింది, ఒంటికి అంటించిన చిన్న యంత్రం గుండె వేగాన్ని, ఊపిరిని ఎడతెగకుండా చూపించింది. 2020 నవంబరులో కరోనా కాలంలో అమెరికా ప్రభుత్వం ఈ పద్ధతికి అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన నియమాలు కూడా చూడండి. రోగిని ప్రతిరోజు డాక్టరో, ఆ స్థాయి శిక్షణ ఉన్నవారో పరీక్షించాలి. నర్సు గాని శిక్షణ పొందిన ఇతర సిబ్బంది గాని రోజుకు కనీసం రెండుసార్లు స్వయంగా ఇంటికి రావాలి. అపాయం వస్తే 30 నిమిషాలలో సహాయం అందాలి. అంత ధనిక దేశం కూడా "యంత్రం ఉంది కదా, మనిషి ఎందుకు?" అనలేదు.

మన తెలుగు నేలలో

మనకు ఇది కొత్త సంగతి కాదు. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో అపోలో వారు ఇస్రో సహాయంతో ఉపగ్రహం ద్వారా దూరపు డాక్టరుకు రోగిని చూపే కేంద్రాన్ని 2000 సంవత్సరంలో పెట్టారు. 2005లో 108 అంబులెన్సు వచ్చింది. 2007లో 104 నంబరుకు ఫోను చేసి ఆరోగ్య సలహా అడిగే ఏర్పాటు వచ్చింది. 2018లో హైదరాబాదులో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2021లో జిల్లాలకు వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తాన్ని పెద్ద ల్యాబుకు పంపి, ఫలితాన్ని ఫోనుకు పంపే పద్ధతి అది. 2019లో మొదలైన ఈ-సంజీవని ద్వారా ఉపకేంద్రంలో ఉన్న సిబ్బంది దూరంలో ఉన్న డాక్టరుతో మాట్లాడగలిగారు. 2020 ఏప్రిల్ నుండి ఇంట్లో ఉన్న రోగి కూడా నేరుగా డాక్టరుతో మాట్లాడే వీలు కలిగింది.

అసలు పరీక్ష కరోనాతో వచ్చింది. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఇంట్లో వేరుగా ఉన్న కరోనా రోగుల కోసం 'హితం' అనే యాప్ పెట్టింది. 2021 మే నెలలో, రెండవ కెరటం ముమ్మరంగా ఉన్నప్పుడు, ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎమ్.లు ఇంటింటికి తిరిగి జ్వరాల సర్వే చేసి, లక్షణాలున్నవారికి మందుల కిట్లు ఇచ్చారు. ఆ రోజులు మీకు జ్ఞాపకమే. ఆసుపత్రులలో మంచాలు లేవు. ఎన్నో వేల ఇళ్ళు తమకు తెలియకుండానే వార్డులయ్యాయి. ఇంటింటా వేలికి పెట్టే ఆక్సిమీటరు వచ్చింది. ఆ రోజులలో ప్రాణాలు నిలబెట్టిన ప్రశ్న "నంబరు ఎంత?" అన్నది ఒక్కటే కాదు. "ఈ నంబరు చూసి ఎవరు లేస్తారు, ఎవరు బండి తెస్తారు?" అన్నది కూడా.

యంత్రం వెనుక మనిషి

ఈ విషయం మీద రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. రెండూ గుండె బలహీనపడి ఒంటికి నీరు చేరే రోగుల మీద చేసినవే. దీనినే డాక్టర్లు హార్ట్ ఫెయిల్యూర్ అంటారు.

మొదటిది అమెరికాలో 1,653 మంది మీద జరిగింది, 2010లో వెలువడింది. రోగి రోజూ ఒక నంబరుకు ఫోను చేయాలి. అవతల మనిషి ఉండడు, రికార్డు చేసిన గొంతు ప్రశ్నలు అడుగుతుంది. రోగి బరువు, ఆయాసం గురించి మీటలు నొక్కి జవాబు చెప్పాలి. ఆ జవాబులను క్లినిక్ సిబ్బంది పనిదినాలలో చూస్తారు. ఆరు నెలల తరువాత లెక్క చూస్తే లాభమేమీ కనబడలేదు. మళ్ళీ ఆసుపత్రిలో చేరినవారు, చనిపోయినవారు కలిపి రెండువైపులా నూటికి 52 మంది దగ్గరే ఉన్నారు. ఏడుగురిలో ఒకరు ఆ నంబరుకు ఒక్కసారైనా ఫోను చేయలేదు. యంత్రపు గొంతుకు రోజూ జవాబు చెప్పడం ఎవరికైనా విసుగే.

రెండవది జర్మనీలో 1,571 మంది మీద జరిగింది, 2018లో వెలువడింది. రోగి బరువు, బి.పి., ఈ.సి.జి., ఆక్సిజన్ రోజూ బెర్లిన్ నగరంలోని ఒక కేంద్రానికి చేరేవి. అక్కడ డాక్టర్లు, నర్సులు 24 గంటలు ఉండి, తేడా కనబడగానే రోగికి ఫోను చేసి, మందు మార్చి, అవసరమైతే ఆసుపత్రికి రప్పించేవారు. అక్కడ లాభం కనబడింది. సంవత్సరానికి నూరుమందిలో మామూలు వైద్యం పొందినవారిలో సుమారు 11 మంది చనిపోతే, ఈ పద్ధతిలో ఉన్నవారిలో సుమారు 8 మంది చనిపోయారు.

యంత్రాలు రెండుచోట్లా ఉన్నాయి. రాత్రి పగలు చూసి, లేచి పని చేసే మనుషులు రెండవచోటే ఉన్నారు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ పొరుగున ఉన్న మహారాష్ట్రలోనిది. గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు 1990లలో 39 గ్రామాలలో, కొద్దిగా చదువుకున్న ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చారు. పుట్టిన బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందని బిడ్డకు గాలి అందించడం, చీము జ్వరం లక్షణాలు గుర్తించి యాంటిబయాటిక్ ఇంజెక్షను ఇవ్వడం నేర్పారు. మూడవ సంవత్సరానికి ఆ ఊళ్ళలో నెలలోపు శిశు మరణాలు, ఈ ఏర్పాటు లేని ఊళ్ళతో పోల్చితే, 62 శాతం తగ్గాయి. ఈ ఫలితం 1999లో ప్రపంచానికి తెలిసింది. అప్పుడు ఆ గ్రామాలలో సెల్‌ఫోను లేదు. చేతులు ఉన్నాయి, శిక్షణ ఉంది, వెనుక ఒక ఆసుపత్రి ఉంది.

ఎవరైనా "మన పల్లె ఆడవాళ్ళకు యంత్రాలు పట్టుకోవడం ఏమి వస్తుంది?" అంటే వినకండి. మన పక్కనున్న మాచ్‌నూరులో 2008లో సంఘం రేడియో మొదలుపెట్టి నడిపింది పల్లె దళిత స్త్రీలే. రేడియో స్టేషను నడిపే చేతులకు బి.పి. మిషను ఒక లెక్క కాదు.

ఒక ఇంటి సంగతి

హద్నూరు వైపు నుండి ఒక పెద్దాయన హార్ట్ ఫెయిల్యూరుతో మన దగ్గర చేరారు. నీరు తగ్గింది, ఆయాసం తగ్గింది, ఇంకా నాలుగు రోజులు ఉండమని డాక్టరుగారు చెప్పారు. ఆయన వినలేదు. "సిస్టరమ్మా, కంది కోతకొచ్చింది. నన్ను ఇడువుండ్రి. గోళీలు యాళ్ళకు మింగుత" అన్నారు. బలవంతంగా ఉంచితే రాత్రికి రాత్రి వెళ్ళిపోయేటట్లున్నారు. కోడలు పదవ తరగతి చదివింది. ఆమెను కూర్చోబెట్టి బరువు తూచడం, కాలు నొక్కి నీరు చూడడం, నోటు పుస్తకంలో వ్రాయడం నేర్పించి, మా వార్డు నంబరు ఇచ్చి పంపాము. మా సిస్టర్లు రోజు విడిచి రోజు ఫోను చేశారు.

తొమ్మిదవ రోజు పొద్దున కోడలే ఫోను చేసింది. "సిస్టర్, మామకు మూడు దినాలల్ల రెండు కిలోలు పెరిగింది. ఆయన మంచిగనే ఉన్న అంటుండు. గని నీరసం అంటే మా చిన్నమామ సెలైన్ ఎక్కిద్దామంటుండు." నేను "అమ్మా, సెలైన్ వద్దే వద్దు. డాక్టరుగారిని పిలుస్తా, ఫోను పెట్టెయ్యకు" అన్నాను. డాక్టరుగారు వీడియోలో కాలు నొక్కించి చూశారు. వేలు దిగిన గుంట అలాగే నిలిచింది. నీటి మాత్ర మోతాదు మార్చి, మరుసటి రోజు రక్త పరీక్షకు రమ్మన్నారు. ఆయన వచ్చారు, చూపించుకుని సాయంత్రానికి ఇంటికి పోయారు. మంచం ఎక్కవలసిన పని పడలేదు.

ఆ ఇంట్లో పనికి వచ్చినవి ఒక తూచే మిషను, ఒక నోటు పుస్తకం, ఒక ఫోను. వాటికంటే ముఖ్యంగా, పెద్దవాళ్ళు చెప్పినా "ఆగండి, అడుగుదాం" అనగలిగిన ఒక కోడలు. గుండె బలహీనంగా ఉన్న మనిషికి ఆనాడు సెలైన్ ఎక్కించి ఉంటే ఆ నీరు ఊపిరితిత్తులలోకి చేరి ప్రాణం మీదికి వచ్చేది.

ఈ సందర్భంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఊళ్ళలో ఇంటి వైద్యం అంటే గోడకు మేకు కొట్టి సెలైన్ సీసా వేలాడదీయడమనే అలవాటు ఉంది. నీరసానికి సెలైన్, జ్వరానికి సెలైన్, కీళ్ళ నొప్పికి ఏమి మందో తెలియని ఇంజెక్షను. అది ఇంటిలో ఆసుపత్రి కాదు. ఏ జబ్బుకు ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు, ఏమైతే ఆపాలి అని వ్రాసిచ్చిన డాక్టరు, రోజూ చూసే నర్సు ఉన్నప్పుడే సీసా ఇంటికి రావాలి.

ఎవరిని ఇంట్లో ఉంచవచ్చు? ఎవరిని ఉంచరాదు?

డాక్టరు చూసి నిర్ణయించిన తరువాత సాధారణంగా ఇంట్లో చూసుకోగలిగినవారు వీరు:

1. జబ్బు ఏమిటో తేలి, మందు మొదలై, రెండు మూడు రోజులుగా నిలకడగా ఉన్నవారు.
2. గుండె బలహీనత, పాత ఆయాసం, బి.పి., షుగరు ఉండి రోజూ కొలత అవసరమైనవారు.
3. ఆపరేషను తరువాత కట్టు మార్చవలసినవారు, షుగరు వలన కాలికి పుండు అయినవారు.
4. పక్షవాతంతో మంచాన పడినవారు, గొట్టం ద్వారా ఆహారం లేక మూత్రం గొట్టం ఉన్నవారు.
5. నయం కాని జబ్బుతో నొప్పిగా ఉన్నవారు. వీరి కోసం తెలంగాణలో 'ఆలన' పేరుతో పాలియేటివ్ కేర్ సేవలు ఉన్నాయి. నర్సు వాహనంలో ఇంటికే వస్తుంది. జిల్లా కేంద్రపు ఆసుపత్రిలో అడగండి.

ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఫిట్స్, సోయి తప్పడం, గర్భిణికి రక్తస్రావం, పాము కాటు, పురుగుల మందు తాగడం, పాలు తాగని పసిబిడ్డ, వీటికి ఫోను వైద్యం లేదు. వీడియో కాల్ చేస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

ఇంట్లో ఉండవలసిన సామాను, వాడే పద్ధతి

బి.పి. మిషను: చేతికి కట్టే డిజిటల్ మిషను మంచిది. కొలిచే ముందు అరగంట వరకు చాయ్, బీడీ వద్దు. అయిదు నిమిషాలు గోడకు ఆనుకుని కూర్చోవాలి. మాట్లాడరాదు. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. నిమిషం ఆగి రెండవసారి కూడా కొలిచి రెండూ వ్రాయాలి. ఇంట్లో తరచుగా 135/85 లేదా అంతకంటే ఎక్కువ వస్తుంటే డాక్టరుకు చెప్పాలి.

ఆక్సిమీటరు: వేలు వెచ్చగా ఉండాలి. గోళ్ళ రంగు, ముదురు గోరింటాకు ఉన్న వేలు వదిలి వేరే వేలికి పెట్టండి. నంబరు నిలబడే వరకు ఒక నిమిషం ఆగండి. మామూలుగా 95 పైన ఉంటుంది. 94 కంటే తగ్గితే ఫోను చేయండి. 90 కి వస్తే బయలుదేరండి. పాత ఆయాసం ఉన్న కొందరికి డాక్టరు 88 నుండి 92 మధ్య ఉంచమని చెబుతారు. వారికి ఆక్సిజన్ ఎక్కువైనా అపాయమే. కాబట్టి మీ రోగికి ఏ అంకె సరైనదో ముందే వ్రాయించుకోండి. ఛాయ నల్లగా ఉన్నవారిలో ఈ మిషను కొంత ఎక్కువ చూపవచ్చు. అంకె బాగుండి మనిషి బాగలేకపోతే మనిషినే నమ్మండి.

తూచే మిషను: రోజూ పొద్దున మూత్రానికి పోయి వచ్చి, ఏమీ తినక ముందు, ఒకే రకం బట్టలతో తూచాలి. గట్టి నేల మీద పెట్టాలి. గుండె రోగికి మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆ రోజే ఫోను చేయండి.

గ్లూకోమీటరు: చెయ్యి సబ్బుతో కడిగి, బాగా ఆరిన తరువాత గుచ్చండి. చేతికి బెల్లం, పండు రసం అంటి ఉంటే తప్పు అంకె వస్తుంది. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడండి. సోయి లేని మనిషి నోట్లో ఏమీ పోయరాదు.

ఆక్సిజన్ కాన్సంట్రేటర్: ఇది కరెంటుతో పని చేస్తుంది. మన దగ్గర గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేము. నిండిన సిలిండరు ఒకటి పక్కన లేకుండా దీనిని నమ్ముకోవద్దు. ఆ గదిలో పొయ్యి, దీపం, అగరువత్తి, బీడీ ఏవీ ఉండరాదు.

నోటు పుస్తకం: అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువ పనికి వచ్చేది. తేదీ, సమయం, అంకె, ఇచ్చిన మందు, తిన్నది, మూత్రం, విరేచనం వ్రాయండి. ఫోనులో డాక్టరు అడిగినప్పుడు "బాగనే ఉన్నడు" అనే మాట పనికి రాదు, పుస్తకం పనికి వస్తుంది.

ఫోనులో డాక్టరుతో మాట్లాడేటప్పుడు

కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 25న ఫోను వైద్యానికి నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం రిజిస్టరైన డాక్టరు మాత్రమే ఇలా వైద్యం చేయవచ్చు. డాక్టరు తన పేరు చెప్పాలి, మీ పేరు, వయస్సు అడగాలి, మందుల చీటీ మీద రిజిస్ట్రేషను నంబరు ఉండాలి. మత్తు కలిగించే కొన్ని మందులు, మార్ఫిన్ వంటివి, ఫోను ద్వారా వ్రాయరాదు. ఫోనులో తేలని జబ్బయితే డాక్టరు "మీరు రావాలి" అనవచ్చు. అలా అన్న డాక్టరు మీ మంచి కోరినవారే. ఏమీ అడగకుండా ఒక్క నిమిషంలో నాలుగు మందులు వ్రాసే ఫోనును నమ్మకండి.

భాష సంగతి కూడా ఉంది. మన దగ్గర ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ కలిసి మాట్లాడతారు. "దమ్మొస్తుంది", "పెయ్యి కాలుతుంది", "కండ్లు తిరుగుతున్నయి" అంటే మనకు తెలుసు. దూరాన ఉన్న కొత్త డాక్టరుకు తెలియకపోవచ్చు. వీలైతే ఏ.ఎన్.ఎమ్.ను గాని, ఆశా కార్యకర్తను గాని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. వెలుతురున్నచోట రోగిని కూర్చోబెట్టండి. మందుల పాత చీటీలు, ఖాళీ అట్టలు చేతిలో ఉంచుకోండి. ఆడవారు సిగ్గుపడే జబ్బయితే మగవారు కొంతసేపు బయటికి పోవాలి. వార్డులో తెర వేస్తాము కదా, ఇంట్లో కూడా ఆ మర్యాద ఉండాలి.

ఆ భారం ఎవరి మీద పడుతుంది?

ఇంటిలో ఆసుపత్రి గురించి వ్రాసేవారు ఖర్చు తగ్గడం గురించి వ్రాస్తారు. ఎవరి ఖర్చు తగ్గింది అని కూడా అడగాలి. వార్డులో మాకు మూడు షిఫ్టులున్నాయి. పొద్దున సిస్టరు పోతే మధ్యాహ్నం సిస్టరు వస్తుంది. ఇంట్లో ఒక్క షిఫ్టే. ఆ షిఫ్టు 24 గంటలు. అది ఎక్కువగా భార్యదో, కోడలిదో, బడి మానేసిన ఆడపిల్లదో అవుతుంది. మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. మూత్రం సంచి ఖాళీ చేయాలి, ముద్ద మెత్తగా చేసి తినిపించాలి, రాత్రి దగ్గితే లేవాలి. ఆమె కూలి పోతుంది. ఆ కూలి ఏ ఆసుపత్రి బిల్లులోను కనబడదు.

కాబట్టి డాక్టరుగారు "ఇంటికి తీసుకుపోవచ్చు" అన్నప్పుడు "ఇంట్లో ఎవరు చూస్తారు? ఆమెకు నిద్ర ఎప్పుడు?" అని మేము అడుగుతున్నాము. జవాబు లేకపోతే ఇంకొన్ని రోజులు ఉండమంటున్నాము. దీనిని దయచేసి అపార్థం చేసుకోకండి. చూసుకునే మనిషి మంచాన పడితే ఇంట్లో ఇద్దరు రోగులవుతారు.

ఇక్కడ సంఘ కుటుంబాల వారు చేయగలిగినది చాలా ఉంది. రోగి ఇంటికి పరామర్శకు పోయినప్పుడు పండ్లతో పాటు రెండు గంటల సమయం తీసుకుపోండి. "అక్కా, నేను కూర్చుంటా, నువ్వు పోయి పండుకో" అనండి. యౌవనస్థులు వృద్ధులకు వీడియో కాల్ కలిపి పెట్టండి, పుస్తకంలో అంకెలు వ్రాయండి. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక బి.పి. మిషను, ఒక ఆక్సిమీటరు, ఒక తూచే మిషను కొని ఊరిలో ఒకచోట ఉంచితే, అవసరమైన ఇల్లు వాడుకుని తిరిగి ఇవ్వవచ్చు. వాడిన తరువాత తుడిచి ఇవ్వండి.

మన ఆసుపత్రి వార్డులో రోగిని డిశ్చార్జి చేసే ముందు రోజు మధ్యాహ్నం, ఇంట్లో చూసుకునేవారిని రమ్మంటాము. ఒక గంట పడుతుంది. మిషన్లు పట్టుకోవడం, కట్టు మార్చడం, పక్కకు తిప్పడం వారిచేత చేయించి చూస్తాము. కొడుకులు కూడా రావాలి. నాయనను పక్కకు తిప్పడం కొడుకుకు కూడా వస్తే అమ్మకు ఒక రాత్రి నిద్ర దొరుకుతుంది.

గోడకు అంటించుకోవలసిన కాగితం

డిశ్చార్జి రోజున ఈ అయిదు సంగతులు వ్రాయించుకోకుండా ఇంటికి పోవద్దు:

1. రోజూ ఏమి కొలవాలి, ఎన్నిసార్లు కొలవాలి.
2. ఏ అంకె వస్తే ఫోను చేయాలి, ఏ అంకె వస్తే బయలుదేరాలి.
3. పగలు ఏ నంబరు, రాత్రి ఏ నంబరు. ఎత్తకపోతే ఎవరికి చేయాలి.
4. రాత్రి రెండు గంటలకు బండి ఎవరిది. ఆ బండి మనిషితో ముందే మాట్లాడి ఉంచాలి.
5. మళ్ళీ డాక్టరు ముఖాముఖిగా చూసే తేదీ.

ఈ అయిదింటిలో ఒక్కటి ఖాళీగా ఉన్నా మా డ్యూటీ సిస్టరును అడగండి. విసుక్కోదు. విసుక్కుంటే నాతో చెప్పండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్